పెద్దక్క అరచేతిలో పడిన సూర్యుడు

నా చిన్నప్పుడు సూర్యుడు మా తాతయ్యని అడక్కుండా ఏ పనీ చెయ్యడని గట్టిగా నమ్మేదాన్ని. నమ్మక ఏం చేస్తాను? మా తాతయ్య సిద్ధాంతి. పంచాంగం గుణించేవాడు. ఐనవిల్లి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళవాళ్ళు పెళ్ళికైనా, నుయ్యి తవ్వడానికైనా, దూడకి ముకుతాడు వెయ్యడానికైనా మా అరుగెక్కి ఆయన్నే అడిగేవారు. గ్రహణం ఫలానా నిమిషానికి పడుతుందని ఆయనంటే ఆ నిమిషానికే పట్టేది, విడుస్తుందంటే విడిచేది. అమలాపురం బస్సుకి ఆ నిక్కచ్చితనంలో పావు వంతు ఉన్నా మా ఊరివాళ్ళు సగం ఆయుష్షు కాలవ వంతెన దగ్గర నిలబడి గడిపేవారు కాదు.

ముందే చెప్పేస్తున్నాను, ఇది తాతయ్యని తలుచుకుని కళ్ళు తుడుచుకునే కథ కాదు. అలాంటివి చాలామంది రాస్తారు, చక్కగా రాస్తారు. నాకు ఆయన మీద కోపం. నలభై ఏళ్ళు దాటింది. కొత్తలో ఎంత ఘాటుగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది, పైగా ఊరింది, ఆవకాయలాగా. ఆయన నన్ను ముద్దు చేసిన మాట నిజం, నాకు లెక్కలు నేర్పిన మాట నిజం, ఊరంతా గుర్రుపెట్టి పడుకున్నవేళ నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ కూచున్న మాటా నిజమే. కోపం కూడా నిజమే. రెండిట్లో ఒకటి తీసేస్తే గాని పెద్దవాళ్ళ గురించి రాయకూడదంటే నేను రాయను.

నాన్న పోయాక మా ఇంటికి తాతయ్యే పెద్ద. అమ్మ, పెద్దక్క, నేను, ఇంకా లాగు కట్టుకోవడం రాని మా తమ్ముడు. పెద్దక్కని రాజోలు దగ్గర పల్లెటూరికి ఇచ్చారు. నాకు పన్నెండేళ్ళప్పుడు మొదటి కానుపుకి పుట్టింటికి వచ్చింది. శివరాత్రి వెళ్ళేసరికి దానికి ఎనిమిదో నెల నడుస్తోంది. ఆ వచ్చే అమావాస్యకే పెద్ద సూర్యగ్రహణం. అలాంటిది తన జన్మలో చూడలేదని తాతయ్య రెండు నెలల ముందు నుంచీ అంటూ వచ్చాడు.

ఆయన లెక్కలన్నీ గవ్వలతో. పీట మీద గవ్వలు బార్లు తీర్చి, జరిపి, మళ్ళీ తీర్చి, మధ్యలో నోట్లో ఏదో గొణుక్కుంటూ ఉండేవాడు. నేను ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుని ఆయన్ని విసిగించడం నా దినచర్య. ఒకరోజు అడిగాను.

"రాహువు ఎప్పుడు మింగుతాడో నీకు ముందే ఎలా తెల్సు తాతయ్యా? కార్డుముక్క రాస్తాడా?"

తాతయ్యకి నవ్వాగలేదు. చేతిలో నశ్యం గవ్వల మీద పడింది, రెండుసార్లు తుమ్మాడు కూడా. తరవాత వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూచున్నాడు. ఆ తలుపు వెయ్యడం నాకు అప్పుడు వింతగా అనిపించలేదు.

"పామూ లేదు, మింగడవూ లేదే పిచ్చిమొహవా. చంద్రుడు సూర్యుడికి అడ్డం వస్తాడు. ఆ నీడ మన మీద పడుతుంది. నీడ ఎప్పుడు పడుతుందో కట్టడానికి లెక్క ఉంది. మా గురువుగారు నాకు చెప్పిందీ అదే, ఆయన గురువుగారు ఆయనకి చెప్పిందీ అదే. మింగేవాడికి ఆకలి ఎప్పుడేస్తుందో ఎవడు గుణించగలడు చెప్పు?"

అక్కడితో ఆగలేదు. తాటాకు ముక్కకి సూదితో కన్నం పొడిచి, చూరు కింద ఎండలో పట్టుకుని, నీడలో గుండ్రంగా పడిన వెలుగుచుక్కని చూపించాడు. అది కన్నం ఆకారం కాదు, సూర్యుడి ఆకారం అన్నాడు. నేను నమ్మక కన్నాన్ని మూడు మూలలుగా కోశాను. అయినా చుక్క గుండ్రంగానే పడింది. గ్రహణం నాడు ఆ చుక్క కొరుక్కు తిన్నట్టు తరిగిపోతుందనీ, పైకి చూసి కళ్ళు పోగొట్టుకోకుండా నేలమీదే అంతా చూడొచ్చనీ చెప్పాడు. నాకు తెలిసి మా ఊళ్ళో ఏ ఆడపిల్లకీ, మగపిల్లాడికీ కూడా, ఎవరూ అంత అందమైన సంగతి చెప్పలేదు. చివర్లో మాత్రం, "ఇది నీకూ నాకూ. బయట అనకు," అన్నాడు. నేను గర్వంతో ఉబ్బిపోయాను. రహస్యం అంటే బహుమానం అనుకునే వయసు.

గ్రహణం రోజు పొద్దున్నించీ ఇల్లంతా హడావిడి. అమ్మ పాల మీద, పెరుగు మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసింది. నీళ్ళబిందె మీద వేసింది. మా తమ్ముడి లడ్డూ మీద కూడా వేస్తే వాడు ఆ గడ్డి కూడా తినాలేమోనని ఏడిచాడు. మధ్యాహ్నం దాటేసరికి వీధిలో కుక్క తప్ప మరో ప్రాణి లేదు. రెండున్నర దాటాక పట్టి, అయిదుకి విడుస్తుందని తాతయ్య లెక్క. పెద్దక్కని ఒంటిగంటకే పడమటింట్లో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కాలు ముడవకూడదు, గోక్కోకూడదు, గుటక నీళ్ళు తాగకూడదు, పక్కకి తిరక్కూడదు. కదిలితే బిడ్డకి అవకరం. ఎనిమిదో నెల కడుపుతో నాలుగు గంటలు వెల్లకిలా. ఈ మాట చదివే మగవాళ్ళు కడుపు మీద నీళ్ళు నిండిన కాగు పెట్టుకుని ఓ గంట పడుకుని చూడండి, తరవాత నాతో మాట్లాడుదురుగాని.

దానికి తోడుగా నన్ను గదిలో పెట్టి తలుపు వేశారు. కిటికీ మూసి దుప్పటి కట్టమన్నారు. కట్టాను. కాని ఆ కిటికీ తలుపుకి మేకు ఊడిపోయిన కన్నం ఒకటుంది. దానికి ఎదురుగా దుప్పటిని కాస్త పక్కకి జరిపాను. తాతయ్య చెప్పినట్టే గదిలో నేలమీద ఒక వెలుగుచుక్క పడింది, అర్ధరూపాయి బిళ్ళంత.

కాసేపటికి దాని అంచు తెగింది. తరవాత సగమైంది. బయట కొబ్బరిచెట్ల మీద కాకులు పొద్దుగూకిందనుకుని గోల పెట్టాయి, వెలుగు ఇత్తడి రంగుకి తిరిగింది. నేలమీది చుక్క మెల్లిగా జరుగుతూ మంచం పట్టె ఎక్కింది, పెద్దక్క చీర మీదికి వచ్చింది. అప్పటికది కత్తిరించి పడేసిన గోరంత ఉంది. నోరెండిపోయి, నడుం లాగేస్తూ, కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారుతూ పడుకున్న మా అక్క తల కొంచెం ఎత్తి చూసి, "ఏవిటే అది?" అంది. సూర్యుడే అన్నాను. పాము గీము లేదక్కా, చంద్రుడు అడ్డొచ్చాడు, వెళ్ళిపోతాడు, తాతయ్యే చెప్పేడు అన్నాను. అది మెల్లిగా కుడిచెయ్యి చాపి ఆ వంకని అరచేతిలో పట్టుకుంది. పట్టుకుని నవ్వింది. ఆ రోజు మొత్తం మీద అది నవ్వింది అప్పుడొక్కసారే. మా ఇద్దరి మొహాలూ ఆ చేతి మీదికి వంగి ఉన్నాయి. దానికి నేను ఒక చెంబుడు నీళ్ళు కూడా ఇచ్చాను. అది తాగింది.

అదీ నేరం. ఇద్దరం కలిసి చేసిన నేరం మొత్తం అంతే.

బయట పెట్టింది కూడా నేనే. తాతయ్య చెప్పిన రహస్యం బయటివాళ్ళ దగ్గర దాచాను గాని, సూర్యుడు మా అక్క చేతిలో పడ్డాడన్న సంగతి కడుపులో ఎలా దాచుకుంటాను? మర్నాడు పక్కింటి అక్కకి చెప్పాను. ఆ అక్క వాళ్ళ పిన్నికి చెప్పింది. ఆ పిన్నిది రాజోలు. చాలుగా?

మరో నెల గడిచాక పెద్దక్కకి నొప్పులొచ్చాయి. పురుడు పోసింది ఊరి చివర ఉండే నర్సమ్మగారు. ఆవిడ క్రైస్తవురాలు, సర్కారు నర్సు. మామూలు రోజుల్లో మా పెరటి అరుగు దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. పురిటిగదికి మైల ఎలాగూ ఉంటుంది కనక అక్కడికి మాత్రం ప్రవేశం. మా ఇళ్ళల్లో నియమాలకి ఎప్పుడూ ఇలాంటి సందొకటి ఉంటుంది, అవసరం మనదైతే. ఆవిడ మెడలో సిలువ పట్టుకుని కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసేది, తరవాత మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడిగేది. ఏది ముందు, ఏది తరవాత అని నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ రెండూ మానగా చూడలేదు.

మగపిల్లాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది.

అమ్మ కేక వీధి అరుగు దాకా వినిపించింది. గ్రహణమొర్రి. మా భాష ఆ బిడ్డ పుట్టకముందే తీర్పు రాసి పెట్టుకుంది చూడండి. పేరులోనే గ్రహణం ఉంది, ఇంక సాక్ష్యం ఎందుకు? సాయంత్రానికి పక్కింటి వాళ్ళ నోటమ్మట కిటికీ కన్నం కథ మా అమ్మ చెవిన పడింది. నన్ను కొట్టలేదు. పెద్దక్క మంచం దగ్గరికి వెళ్ళి, "చెయ్యెందుకు పెట్టేవే తల్లీ," అని ఒకే మాట పదిసార్లు అంది. కొట్టినా బాగుండేది.

పిల్లాడికి పాలు లాగడం రాలేదు. పెదవి అందక పాలు పక్కలమ్మట కారిపోయేవి. నర్సమ్మగారే వచ్చి తల్లిపాలు పిండించి, ఉగ్గుగిన్నె కొమ్ముతో నాలిక వెనక బొట్టుబొట్టుగా పోయడం నేర్పింది. పిల్లాణ్ణి నిటారుగా పట్టుకోవాలి, తొందర పడకూడదు, ప్రతి నాలుగు బొట్లకీ ఆగాలి. మూడు నెలలు నిండితే కాకినాడ పెద్దాసుపత్రిలో కుట్టేస్తారనీ, చిన్న గీత తప్ప ఏమీ మిగలదనీ ఆవిడ అమ్మకి చెప్పింది. అమ్మ వింది. నమ్మలేదు.

ఇరవయ్యొకటో రోజుకి బారసాల. రాజోలు వాళ్ళొస్తారు. దానికి రెండు రోజుల ముందు నేను పెరటి అరుగు మీద కజ్జికాయలు చేస్తున్నాను. చుట్టిన పూరీలో కొబ్బరి పెట్టి, మడిచి, అంచు వేళ్ళతో నొక్కుతున్నాను. నర్సమ్మగారు పిల్లాణ్ణి చూసి వెళ్ళబోతూ అక్కడ ఆగింది. నా మొహం చూసి ఏమనుకుందో, పక్కన కూచుంది.

"అమ్మాయిగారూ, ఆ అంచు ఎప్పుడు నొక్కుతారండీ? నూనెలో వెయ్యకముందా, వేగేకా?"

"ముందేనండి."

"కడుపులో పిల్లకి మొహం కూడా అలాగేనండి. రెండు పక్కల నించీ వచ్చి మధ్యలో కలుసుకుంటుంది. రెండో నెల దాటేలోగా ఆ కలవడం అయిపోవాల. కలవకపోతే ఇంకంతే, అలా ఉండిపోద్ది. ఎందుకు కలవదంటే నాకూ తెలీదు, డాక్టర్లకీ అన్నీ తెలీవు. గ్రహణం ఏ నెల్లో వచ్చిందండీ మీ అక్కగారికి?"

"ఎనిమిదో నెల."

"మరి వేగిపోయిన కజ్జికాయ అంచుని ఎవరు విప్పుతారండి?"

నా చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. మా అక్క చెయ్యి పెట్టేనాటికి ఆ పెదవి ఆరునెలల పాతది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, చేతులు కడుక్కోకుండా లోపలికి పరిగెత్తి తాతయ్యకి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. "ఆవిడ చెప్పింది సబబుగానే ఉందే," అన్నాడు. ఆ మాట చాలనుకున్నాను. ఇంక మా అక్క బతికిపోయిందనుకున్నాను.

బారసాల నాడు పెద్దక్క అత్తగారు వచ్చింది. ఆవిణ్ణి నేను రాక్షసిని చెయ్యను. పిల్లాణ్ణి చూసి మొహం తిప్పుకోలేదు, ఒళ్ళో వేసుకుంది. కాని ఆవిడ మనసులో ఒక ప్రశ్న ఉంది, అది అడగడానికే వచ్చింది. అందరూ కూచున్నాక అమ్మతో అంది.

"గ్రహణాన్ని చేత్తో పట్టుకుందటగా వదినగారూ మీ అమ్మాయి. అంత ముచ్చటేవిటండీ? మా పిల్లాడికి వారసుణ్ణివ్వమని పంపితే మొర్రి తెచ్చి చేతిలో పెట్టింది. రేపు రెండోవాడికి ఇంకేం చేస్తుందోనని మావాళ్ళు భయపడుతున్నారు. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుకోండి."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆవిడ చెప్పలేదు, అమ్మ అడగలేదు. ఆ రోజుల్లో అలా కొన్నాళ్ళని పుట్టింట్లో దిగబెట్టినవాళ్ళు జుట్టు నెరిసినా అక్కడే ఉండేవారు. గది గడప లోపల పెద్దక్క పిల్లాణ్ణి పట్టుకుని నిలబడి ఉంది. పెరటి గుమ్మంలోంచి నర్సమ్మగారు మాత్రం, "గ్రహణానికీ దీనికీ ఏం లేదండీ అమ్మగారండీ," అని గట్టిగానే అంది.

అత్తగారు అటు చూడకుండానే, "వాళ్ళకి గ్రహణాలు పట్టవు కాబోలు," అంది. నలుగురు నవ్వారు. ఎగతాళి రాయడమే నా వృత్తి, నాకు తెలుసు, ఆ మాటలో పస ఉంది. అందుకే నర్సమ్మగారి మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

తరవాత ఆవిడ తాతయ్య వైపు తిరిగింది. చేతులు జోడించే అడిగింది.

"బాబాయిగారూ, ఎవరేవన్నా నాకు అక్కర్లేదండి. మీరు సిద్ధాంతిగారు. మీరు చెప్పండి. ఇది గ్రహణం వల్లనా, కాదా? మీరు కాదంటే ఇంక నేను మారుమాటాడను. ఇవాళే కోడల్ని తీసుకెళ్తాను."

ఆ మాట నేను అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను, ఎందుకంటే దాన్ని పట్టుకునే నలభై ఏళ్ళుగా బతుకుతున్నాను. మీరు కాదంటే. అంత తేలిక. నర్సమ్మగారికి నిజం తెలుసు, వినేవాళ్ళు లేరు. తాతయ్యకి నిజం తెలుసు, రెండు ఊళ్ళవాళ్ళు నోరు మూసుకుని చెవులు ఇటే పెట్టి కూచున్నారు. ఆయన పీట ముందుకి లాక్కుని గవ్వలు తీశాడు. జరిపాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నాను. నా మొహంలోకి ఒక్కసారి చూశాడు, చూపు దించుకున్నాడు.

"దోషం ఉందమ్మా," అన్నాడు. "కాని పోయే దోషమే. శాంతి చేయిస్తే ఇకమీద పుట్టేవాళ్ళకి ఏ అవకరవూ రాదు. నాదీ పూచీ."

"నీడేనన్నావుగా తాతయ్యా!" అని అరిచాను. "పాము లేదన్నావుగా! కజ్జికాయ మాట సబబన్నావుగా!"

"చిన్నపిల్ల," అన్నాడు వియ్యపురాలితో, నవ్వుతూ. "ఆటకి ఏదో చెప్తే పట్టుకుంది."

అమ్మ చెంపదెబ్బ అప్పుడు పడింది. దాని మీద నాకు కోపం లేదు. తెలియనివాళ్ళు భయంతో కొట్టే దెబ్బ అది, తగిలి పోతుంది. తాతయ్య నవ్వు అలా పోలేదు.

శాంతి జరిగింది. బాలింతరాలిని తలార స్నానం చేయించి, తడిచీరతో కూచోబెట్టి, కుడిచెయ్యి చాపమన్నారు. ఆ చేతిలో నీళ్ళు వదులుతూ "తెలియక పట్టాను, క్షమించు" అని మూడుసార్లు అనమన్నారు. ఆ మాట ఏ శాస్త్రంలోనూ లేదు. అత్తగారి మనసు కుదుటపడాలని తాతయ్య అప్పటికప్పుడు కట్టిన మాట. మా అక్క మొదటిసారి మామూలుగా అంది. రెండోసారి చాపిన చేతికేసి చూసుకుంటూ అంది. మూడోసారి అన్నప్పుడు దాని మొహం చూశాను. అప్పటిదాకా ఒప్పుకోని మనిషి ఒప్పేసుకుంది. తప్పు తనదేనని దానికి నమ్మకం కలిగింది, అదీ ఆ క్షణంలో.

ఆ సాయంత్రం తాతయ్య అరుగు మీద ఒక్కడే ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయనే మాట్లాడాడు. "కాదంటే ఏవవుతుందో నీకు తెలీదే. గ్రహణం కాకపోతే మరెందుకొచ్చింది, మీ వంశంలో ఉందా ఈ జబ్బు అంటారు. దోషానికి శాంతుంది. రక్తంలో ఉందంటే శాంతి లేదు. మీ అక్క కాపురం పోతుంది, రేపు నీకు పెళ్ళి కాదు. ఒక్క అబద్ధంతో రెండిళ్ళు నిలబడ్డాయి. పెద్దయ్యేక నీకే తెలుస్తుంది."

పెద్దయ్యాను తాతయ్యా. తెలిసింది. నువ్వు అన్నదాంట్లో తెలివుంది, ప్రేమ ఉంది, అనుభవం ఉంది. శాంతి అయ్యాక పిల్లాడి పెదవి కుట్టించగానే అక్కని తీసుకెళ్తామని వాళ్ళు మాటిచ్చారు, మాట నిలబెట్టుకున్నారు. నీ లెక్క ఎప్పట్లాగే నిమిషంతో సహా సరిపోయింది. కాని ఆ లెక్కలో మా అక్కని ఏ గవ్వగా వేశావో చెప్పు.

ఎందుకంటే మర్నాటి నుంచీ మా అక్క పిల్లాణ్ణి కుడిచేత్తో ముట్టుకోవడం మానేసింది. ఆ చెయ్యి తగిలితే వాడికి ఇంకేమవుతుందోనని. ఎడంచేత్తో ఉగ్గుగిన్నె పట్టడం రాదు, పాలు ముక్కులోకి పోయి వాడు ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. అది పాలు పిండి గిన్నె నాకిచ్చి గోడవైపు తిరిగి కూచునేది. రోజుకి ఏడెనిమిది సార్లు, సారికి ముప్పావు గంట. నేను బడి మానేసి వాడికి పాలు పట్టాను. ఏడో తరగతి పరీక్షలు వచ్చాయి, వెళ్ళిపోయాయి. నేను తప్పినదాన్ని కాదండీ, రాయనిదాన్ని. ఆ తరవాత ఎవరూ నన్ను మళ్ళీ బడికి వెళ్ళమనలేదు. ఎక్కువ చదివితే ఎక్కువ అడుగుతానని మా ఇంట్లో అందరికీ అప్పటికే తెలిసిపోయింది.

వర్షాలు పడ్డాక నర్సమ్మగారు వెంట వచ్చి కాకినాడలో కుట్టించింది. కత్తి పట్టింది డాక్టరు, కుట్లు వేసింది డాక్టరు, తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలో నేలమీద పడుకున్నది నర్సమ్మగారూ నేనూ. పెదవి చక్కగా అతుక్కుంది. అత్తవారొచ్చి చూసి, "సిద్ధాంతిగారి శాంతి మహిమ," అన్నారు. తాతయ్య కాదనలేదు. ఆయనకి కాదనడం ఎలాగూ రాదు.

దేవుడి మీద నాకు కోపం లేదు. నర్సమ్మగారి దేవుడి మీదా లేదు, మా ఇంటి దేవుడి మీదా లేదు. రాహువు మింగుతాడని నిజంగా నమ్మి దర్భలు వేసిన అమ్మ మీద కూడా లేదు. నమ్మినవాళ్ళు నమ్మినట్టు నడుచుకున్నారు. తెలిసినవాడు తెలిసినట్టు నడుచుకోలేదు. పన్నెండేళ్ళ పిల్లకి తలుపు వేసి చెప్పగలిగిన మాట, తలుపు తీసి నలుగురిలో చెప్పలేకపోయాడు. అలాంటి తాతయ్యలు ఇప్పటికీ ఉన్నారు, చేతిలో గవ్వలకి బదులు డిగ్రీలున్నాయి, అంతే.

మా అక్కకి ఇప్పుడు అరవై దాటాయి. ఆ పిల్లాడికి మీసం నెరుస్తోంది, మీసం చాటున గీత వెతికినా కనపడదు. కజ్జికాయ సంగతి దానికి నేను వందసార్లు చెప్పాను. "ఆయ్, నిజవేనే," అంటుంది ఎంతో మర్యాదగా. గ్రహణం వచ్చిందంటే మాత్రం తలుపేసుకుని పడుకుంటుంది. ఒకసారి కొడుకు, "అమ్మా, పిన్ని చెప్పేది నిజవేగదా, నువ్వెందుకిలా చేస్తావు?" అని అడిగాడు. "నేను మూడుసార్లు ఒప్పుకున్నాను నాన్నా," అంది. వాడికి అర్థం కాలేదు. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఏటా మా తమ్ముడు తద్దినం పెడతాడు. నేను వెళ్తాను. మా మరదలు గారెలు బాగా చేస్తుంది, వాటితో నాకు పేచీ లేదు, నాలుగు ఎక్కువే తింటాను. ఆఖర్ని అందరూ దండం పెట్టుకునేటప్పుడు నేనూ చేతులు జోడిస్తాను. చల్లగా చూడమని మాత్రం అడగను. "అక్క అత్తగారు నీ నోటితో చెప్పమని అడిగింది గదా తాతయ్యా, ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతాను. ఆయన జవాబు నాకు కంఠతా వచ్చు. అయినా ఏటా అడుగుతాను. అడిగే మనిషి ఈ ఇంట్లో ఒకత్తి ఇంకా ఉందని ఆయనకి తెలియాలి.